జల్లెడ కింద వెనక్కి మళ్లిన వేర్లు

1976 జూన్‌లో నన్ను పాతబస్తీలో హుస్సేనీ ఆలం దగ్గరి ఒక ఆడపిల్లల జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌గా వేశారు. లెక్చరర్ కన్నా ఒక మెట్టు కింది పోస్టు అది. పాఠం చెప్పడం లెక్చరర్ పని, ప్రయోగశాల నడపడం నా పని. ప్రాక్టికల్ పరీక్షలకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ రోజు సామాన్లు అందించడం తప్ప, పిల్లల జవాబుల విషయంలో మేం నోరు విప్పకూడదు.

ఆ మరుసటి మార్చిలో జరిగిన సంగతి ఇది. రఫియా అనే అమ్మాయి అంతకు ముందు ఏడాది ప్రాక్టికల్స్‌లో తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపిస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. ఆయనకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం.

మొలకలతో చేసే ప్రయోగాలను పరీక్షకు ముందే అమర్చుకుని, ఆ రోజు ఫలితం చూపించాలి. రఫియాకు వచ్చింది గురుత్వానువర్తనం, అంటే వేరు భూమి లాగే వైపుకు పెరగడం. జల్లెడలో తడిపిన రంపపు పొట్టు నింపి, నానిన శనగలు పెట్టి, ఏటవాలుగా వేలాడదీయాలి. వేర్లు కన్నాల్లోంచి నిటారుగా కిందికి దిగినట్టు పుస్తకంలో బొమ్మ ఉంది. ఆమె జల్లెడలోనూ మొదట అలాగే దిగాయి. తర్వాత ఒక్కొక్కటే వంగి, తిరిగి జల్లెడ అడుగుకే అంటుకున్నాయి.

"మేడమ్, గివి ఉల్టా ఎందుకు పోతున్నయ్?" అని అడిగింది.

"నీకేమనిపిస్తోందో అది చేసి చూడు" అన్నాను.

మర్నాడు ఇంటి నుంచి టీ వడపోసే చిన్న జల్లెడ తెచ్చి, అందులోనూ అలాగే పొట్టు నింపి శనగలు పెట్టింది. దాన్ని బెల్‌జార్ అనే గంటలాంటి గాజు మూత లోపల వేలాడదీసి, అడుగున తడిగుడ్డ పరిచింది.

పరీక్ష రోజున ఎగ్జామినర్ మొదటి జల్లెడ దగ్గర ఆగారు. "వేర్లు పైకి పోవడమేమిటమ్మా? తిప్పి కట్టావా?"

"లేదు సార్. చూసిందే రాసిన. ముందుగాల కిందికే పోయినయ్. బయట గాలి ఎండిపోయి ఉంది, తడేమో పైనుంది. అందుకే మళ్లినయ్. ఇంకోటి పెట్టిన, చూస్తరా?"

ఒక విద్యార్థికి ఒక ప్రయోగమే అన్నది నిబంధన. ఆయన నా వైపు చూశారు. నేను సామాన్ల బల్ల వైపు తిరిగాను. కాసేపు పెన్ను ఆడించి, చివరికి ఆయనే వెళ్లి బెల్‌జార్ ఎత్తారు. లోపల వేర్లన్నీ నిటారుగా కిందికి వేలాడుతున్నాయి. ఆయన భూతద్దం తీసి రెండు జల్లెడలనూ మార్చి మార్చి చూశారు.

"వెలుతురు వల్ల కాదని ఎట్లా చెప్తావు?"

"రెండూ ఒకే కిటికీ కాడ పెట్టిన సార్. ఎల్తురు రెండింటికీ ఒక్క తీరే."

"అయితే తడి గాలిలో భూమి గెలిచింది, పొడి గాలిలో నీళ్లు గెలిచాయి!" అన్నారాయన, పిల్లవాడిలా సంబరపడుతూ.

రఫియా పాసైంది. తర్వాత బీఎస్సీలో చేరింది.

ఆ ఏటి నుంచి రిటైరయ్యే దాకా నేను ఆ ప్రయోగాన్ని జంటగానే పెట్టించాను, ఒకటి బయట, ఒకటి బెల్‌జార్‌లో. ఫలితం పుస్తకంతో కలవనప్పుడు, చూసినవాళ్లను అనుమానించే ముందు చుట్టూ ఏది మారిందో వెతకాలి. ఆ ఒక్కదాన్నే మార్చి మళ్లీ చేసి చూడాలి.