తింటే బిడ్డ బలుస్తుందన్న ఇంట్లో

నాకు తల్లి లేదు. అందుకే తొంభైల చివర్లో నా మొదటి కానుపు శామీర్‌పేట దగ్గర అత్తగారింట్లోనే అయింది. అప్పటికే ఆ ఇంటి పొలం సగం ప్లాట్లయింది. మామగారు తెల్లచొక్కాలు తొడుక్కుని పంచాయతీ రాజకీయాలు మాట్లాడేవారు. గజం ధర నాలుక చివర ఉండే ఆ ఇంటికి, కడుపులో బిడ్డ ఏం తిని బతుకుతుందో మాత్రం తెలియదు.

ఏడో నెల రాగానే అత్తగారు నా కంచంలో అన్నం తగ్గించేశారు. కడుపు ఒక్కటే సంచి అట, అందులో అన్నం నిండితే బిడ్డకు జాగా ఇరుకైపోతుందట. పైగా తల్లి తింటే బిడ్డ బలుస్తుంది, బలిస్తే కోసి తీయాలి. అన్నం బిడ్డను నలిపేస్తుంది, అదే అన్నం బిడ్డను బలిపిస్తుంది. రెండూ ఒకే నోటితో, నవ్వకుండా అనేవారు.

దవాఖానాలో రక్తం పట్టడానికిచ్చిన గోలీలు పెంటకుప్ప పాలయ్యాయి. మింగితే బిడ్డ నల్లగా పుడుతుందట. నాకు ఒకటే ఆకలి. మంచినీళ్లు తాగి కడుపు నింపుకునేదాన్ని. మా ఆయనతో చెప్పుకుంటే, అమ్మకు తెలియదా అనేవారు. ఆయన డిగ్రీ దేనికి చదివారో నాకిప్పటికీ అర్థం కాదు.

దొడ్లో చూడి బర్రె ఒకటి ఉండేది. మామగారు స్వయంగా తవుడు, పల్లిచెక్క నానబెట్టి దాని ముందు పెట్టించేవారు. ఒకరోజు తవుడు తక్కువ వేశాడని జీతగాడిని కసిరారు.

"లోపట దూడ పెరుగుతాందిర. తల్లి తినకుంటె దానికి ఏడికెళ్లి వస్తది?"

నేను వాకిట్లో కంచం కడుగుతూ విన్నాను. దొడ్లో అంత తెలివి ఉన్న మనిషి, గడప దాటితే అంతా మరిచిపోయేవారు.

మేడ్చల్‌లో డాక్టరమ్మ నా పొట్ట కొలిచి, బిడ్డ ఎదగడం లేదంది. అత్తగారిని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. బిడ్డ ఉండేది అన్నం సంచిలో కాదు, గర్భసంచిలో. తల్లి తిన్నదాంట్లో సారం రక్తంలో కలిసి, మాయలోంచి బొడ్డుతాడు వెంట బిడ్డకు చేరుతుంది. తల్లి పస్తుంటే బిడ్డకూ పస్తే. అత్తగారు బుద్ధిగా తల ఊపారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బస్సెక్కగానే, బిడ్డను పెద్దగా చేసి ఆపరేషన్ చేయాలని చూస్తోందని డాక్టరమ్మ మీద పడ్డారు. అత్తగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆమె కోరుకున్నట్టే కానుపు తేలికగా జరిగింది. ఆడపిల్ల. ఏడవడానికి కూడా బలం లేదు, పాలు తాగుతూ తాగుతూ అలసిపోయి నిద్రపోయేది. దవాఖానాకు తీసుకెళ్తే గాజుపెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో తెలియక, ఆ పెట్టె పక్కన కూర్చుని ఇంటిల్లిపాదినీ మనసులో తిట్టుకున్నాను. నా అదృష్టం, బతికింది.

పిల్ల ఇంటికి వచ్చాక పురుడు వేడుక చేశారు. చుట్టాల్లో ఒక పెద్దమ్మ పసిదాన్ని ఎత్తుకుని, ఇంత బక్కగా ఉందేమిటి, తల్లి తినలేదా అని అడిగింది. అత్తగారు అందరికీ వినబడేలా నిట్టూర్చారు.

"ఏం జేద్దుం అక్కా. ఎంత పెట్టినా మా కోడలు తినకపాయె."

అందరూ నావైపు చూశారు, బిడ్డను నేనే మాడ్చినట్టు. నా ఒళ్లంతా మండిపోయింది.

"పెట్టలె అత్తమ్మా," అన్నాను. "మీరు బువ్వ పెట్టలె."

పెద్దమ్మ బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.