కుడి చెంప, ఎడమ చెంప

మా బాబాయికి సొంత అభిప్రాయమంటూ ఉండదు. పార్టీది ఏదో ఆయనదీ అదే. ఆయన మంగలి షాపులో పొద్దస్తమానం రేడియో మోగుతుంది. పొరుగు దేశాలతో కూటమి కట్టి సరిహద్దు గేట్లు ఎత్తేయాలని పార్టీ అంటే ఆయనా అంతే. పార్టీ నాలుక మడతేస్తే ఆయనా మడతేస్తాడు.

ఓసారి మా బడి మాస్టారి కుడి చెంప గీస్తున్నంతసేపూ కూటమి కావాలన్నాడు. ఇంతలో రేడియోలో వార్త వచ్చింది. ఎడమ చెంపకొచ్చేసరికి, కూటమి కడితే కొంపలు మునుగుతాయన్నాడు.

"అదేంటయ్యా, ఇప్పుడేగా..."

"కదలకండి మాస్టారూ, తెగుతుంది!"

గొంతు దగ్గర కత్తి ఉంటే ఎవడు వాదిస్తాడు? ఆ కుర్చీ దిగినవాళ్లంతా ఆయన మాటే ఊరంతా మోసేవాళ్లు. చూసి చూసి నాకు మతిపోయేది.

ఎదురుగా ఉన్న బేకరీ అక్కది సరిహద్దు అవతలి దేశం. పార్టీ కూటమి కావాలన్న రోజుల్లో ఆమె బన్నులకు క్యూ కట్టేవాళ్లు. వద్దన్న రోజుల్లో పాపం, ఈగలు తోలుకునేది.

ఈమధ్య పార్టీ మరీ గట్టిగా వద్దంది. బాబాయీ గొంతు చించుకున్నాడు. ఆ సాయంత్రమే వీధివాళ్లు బేకరీ మూయించి అక్కను పంపించేయడానికి బయల్దేరారు. అందరికంటే ముందు ఎవరనుకున్నారు? మాస్టారే! అక్క గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడింది.

బాబాయి ఎవరిదో గడ్డం సగంలో వదిలేసి, సబ్బు బ్రష్షుతోనే వీధిలోకి ఉరికాడు.

"ఎక్కడికి మాస్టారూ? పార్టీ మళ్లీ మారిందిగా! కూటమి కావాలట!"

"ఎప్పుడు?"

"ఇప్పుడే, రేడియోలో. మీరింకా పాతమాట మీదే ఉన్నారా?"

గుంపంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నేను మొదట్నించీ అదే అంటున్నా. అమ్మాయ్, నాలుగు బన్నులివ్వు!"

నేను షాపులోకి పరిగెత్తాను. రేడియోలో వంటల కార్యక్రమం వస్తోంది.

"బాబాయ్, పార్టీ ఎప్పుడంది?"

"అనలేదురా. వాళ్లని ఆ గుమ్మం దాకా పంపింది నా నోరే కదా, నేనే వెనక్కి పిలిచా. ఇన్నాళ్లూ పార్టీ మారినప్పుడల్లా నేను మారలేదా? నాకోసం అదొక్కసారి మారకూడదా?"

అంత మంచి అబద్ధం ఆయన నోట ఎన్నడూ వినలేదు.

వారం తిరక్కుండానే ఊరి గాలి ఎటు వీస్తోందో పసిగట్టి, పార్టీ నిజంగానే కూటమి కావాలంది! వార్త విని నేను రేడియో సౌండు పెంచాను. బాబాయి మాత్రం నింపాదిగా కత్తి నూరుకుంటున్నాడు.

"చూశావట్రా? నేనెప్పుడైనా పార్టీ మాట దాటానా?"