ఆడబిడ్డ అలక, దాల్చినచెక్క ఆవిరి

ఆడబిడ్డ కోసిన పండ్లలో క్రిములున్నాయని సొంత వదినే బయటపెడితే ఆ ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఆ వదిన తిండి పదార్థాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. క్రిములు పెంచి చూసే చిన్న గాజు ప్లేట్లు సిద్ధం చేయడం ఆవిడ పని కాబట్టి అక్కడ అందరికీ ప్లేట్లక్క. కింది వాటాలో ఉండే ఆడబిడ్డది కర్బూజా ముక్కలు కోసి, డబ్బాల్లో సర్ది, బడి క్యాంటీనుకు పంపే వ్యాపారం. ఓసారి క్యాంటీను వాళ్ళు ఒక డబ్బాను ల్యాబుకు పంపారు. ప్లేటు నిండా చుక్కలు లేచాయి, ఆర్డరు ఆగిపోయింది.

"సొంత మనిషివి, కాస్త కప్పిపెట్టలేకపోయావా?" అంది ఆడబిడ్డ.

"తినేది పిల్లలు కదే," అంది ప్లేట్లక్క.

అంతే, మాటల్లేవు. మెట్ల మీద ఎదురుపడితే ఆడబిడ్డ గోడతో మాట్లాడేది. "కొందరికి మనుషులకన్నా పురుగులే ముద్దు," అనేది. గోడ కూడా ఆమె పక్షమే అన్నట్టుండేది.

ఆడబిడ్డ కత్తులూ బల్లలూ మరిగే నీళ్ళతో తోమింది, కొత్త ఫ్రిజ్ కొంది. అయినా క్యాంటీను కరగలేదు. ఇంకేదైనా భరోసా చూపించండి, రుచి మాత్రం మారకూడదు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ప్లేట్లక్కకు అన్నం సహించలేదు. ల్యాబులో పెద్ద మేడమ్ ఎలాగూ లవంగం, దాల్చినచెక్క నూనెలతో క్రిముల్ని అణచడం మీదే పనిచేస్తోంది. కర్బూజా మీద కూడా చూద్దామని ప్లేట్లక్క ఆవిడ వెంటపడి ఒప్పించింది.

నూనె కలిపితే క్రిములు చచ్చాయి. పెద్ద మేడమ్ అలాంటి నూనె పట్టించిన ముక్కనే, క్రిములు అంటనిది, నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నట్టుంది," అంది. నూనె తగ్గిస్తే క్రిములు హాయిగా కాపురం పెట్టాయి. పెంచితే తినేవాడు పారిపోతాడు. ప్లేట్లక్కకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఓ సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో నూనె వేసిన ప్లేట్లనీ, పోల్చి చూడ్డానికి నూనె వేయని ప్లేట్లనీ ఒకే డబ్బాలో పెట్టి మూత బిగించి, క్రిములు పెరిగే వెచ్చని అలమరలోకి తోసేసింది. పొద్దున తీస్తే ఒక్క చుక్క లేదు. కాళ్ళు నేల మీద నిలవలేదావిడకి. పక్క గదిలో తూకాలు వేసుకునే పెద్దాయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఆయన చుట్టూ గిరగిరా తిరిగింది. ఆయన, పాపం, ఇంట్లో ఎవరికైనా పెళ్ళి కుదిరిందా అని అడిగాడు.

పెద్ద మేడమ్ వచ్చి ఒక ప్లేటు మీద వేలు పెట్టింది. "దీనికి నూనె వేయలేదుగా. ఇదెందుకు ఖాళీగా ఉంది? అసలు క్రిములు వేశావా?"

ప్లేట్లక్క ముఖం వాడిపోయింది. తర్వాత ఒళ్ళు మండింది. నాకు పని రాదనుకుంటున్నారా అనుకుంటూ అచ్చం అలాగే మళ్ళీ పెట్టింది. మళ్ళీ అన్నీ ఖాళీ. ఈసారి నూనె లేని ప్లేట్లను వేరే డబ్బాలో పెట్టింది. వాటిలో క్రిములు జాతరలా లేచాయి. మొదటి డబ్బా మూత తీయగానే దాల్చినచెక్క ఘాటు ముక్కుకి కొట్టింది. అలా మూత పట్టుకునే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది.

"మేడమ్, నూనె తాకనక్కర్లేదు. దాని గాలి సోకితే చాలు."

పెద్ద మేడమ్ కాసేపు బిగబట్టి, తనూ నవ్వేసింది. ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చుని పొట్ట పట్టుకున్నారు. ఆ తర్వాత అసలు పని. డబ్బా మూత లోపల చిన్న కాగితం, దాని మీద ఒక్క చుక్క నూనె, కింద కర్బూజా. ఎన్నిసార్లు చూసినా అంతే. క్రిములు పూర్తిగా పోలేదు గానీ తలెత్తలేకపోయాయి. చేతులు కడుక్కోవడం, ఫ్రిజ్‌లో పెట్టడం మానడానికి మాత్రం వీల్లేదని పెద్ద మేడమ్ గట్టిగా చెప్పింది.

ఇక మిగిలింది రుచి. ప్లేట్లక్క శుభ్రమైన పండుతో ఒక డబ్బా సిద్ధం చేసుకుని మెట్లు రెండేసి దిగి ఆడబిడ్డ తలుపు కొట్టింది. గోడకు ఛాన్సివ్వకుండా గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. ఆడబిడ్డ ఒక ముక్క తింది. ఇంకోటి తింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

"చెప్పవే, ఘాటు తెలుస్తోందా?"

"నేను చెబితే ఏం లాభం? నా పండు నాకెప్పుడూ బాగానే ఉంటుంది," అంటూ ఆడబిడ్డ ఒక ముక్క తీసి వదిన నోట్లో పెట్టింది. "నువ్వు చెప్పు. నువ్వు బాగుందంటే పిల్లలకు పంపిస్తా."

ప్లేట్లక్కకు నవ్వు తన్నుకొస్తోంది, కళ్ళల్లో నీళ్ళు కూడా. అయినా తొందరపడలేదు. ముక్కంతా నమిలి, మింగి, ఇంకో ముక్క తిని చూసి, అప్పుడు బాగుందంది.