కింది నుంచి పైకి చదవాల్సిన కాగితం

ప్రయాణం మాట ఎవరు ఎత్తినా ఆమె ముందు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. అద్దం మీద అరచేయి ఆనించి మనసులో పది లెక్కపెట్టేది. చేయి తీసి స్వెట్టరుకు తుడుచుకుని, వచ్చి కూర్చునేది. అప్పుడు అడిగేది.

"ఎంతమంది?"

తరువాతి ప్రశ్నలు ఒక వరుసలో వచ్చేవి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? బండిలో పడుకుంటే ఎవరికి ఊపిరాడదు? మీ ఇద్దరిలో కోపం ఎవరికి ముందొస్తుంది?

కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. జవాబు వచ్చేదాకా పెన్సిలు పట్టుకుని కూర్చునేది. కోపం ముందొచ్చే మనిషిని ఆకలి వేళకు రోడ్డు మీద ఉంచకూడదని ఆమె లెక్క.

కింద షెడ్డు, పైన రెండు గదులు. షెడ్డు అన్నయ్యది. పాత వ్యాన్లు కొని లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చి క్యాంపర్ వ్యాన్లుగా అద్దెకిస్తాడు. మొదటిది ఒకప్పుడు అంబులెన్సు. ఎన్ని రంగులు వేసినా ఎండలో నిలబెడితే పక్కన ఎర్ర గుర్తు లీలగా కనబడేది. ఇప్పుడు బళ్ళు మూడు. చలికాలంలో మూడూ దాదాపు బయటే తిరుగుతుంటాయి. మంచు చూడటానికి వెళ్ళేవాళ్ళకు దారి వేసి ఇచ్చేది ఆమె.

ఆమె అంతకుముందు తొమ్మిదేళ్ళు బస్సుల ఆఫీసులో టైంటేబుళ్ళు రాసింది. అక్కడే ఒక అలవాటు పట్టుకుంది. బస్సు ఎప్పుడు బయల్దేరాలో తెలియాలంటే ముందు ఎప్పుడు చేరాలో తెలియాలి. చలికాలంలో చేరాల్సిన వేళను పొద్దు నిర్ణయిస్తుంది. నాలుగూ యాభైకి పొద్దు గుంకితే, నాలుగింటికి బండి ఆగి ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. డ్రైవర్లు ఆమెకు పొద్దక్క అని పేరు పెట్టారు. అసలు పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమన్ కింద నిలబడి ఎవరిదని అడగాల్సి వచ్చేది.

వెనక్కి లెక్క కట్టేది కాబట్టి వెనకనుంచే రాసేది. కాగితం పై వరుసలో చివరి మజిలీ. దాని కింద అంతకుముందు మజిలీ. అలా దిగుతూ వచ్చి, అట్టడుగున మొదటి రోజు. తేదీలు వేసేది కాదు. తేదీ వేస్తే జనం తేదీ కోసం తొందరపడతారు, వేళ కోసం కాదు అనేది. డ్రైవర్లందరికీ తెలుసు, పొద్దక్క కాగితం కింది నుంచి పైకి చదవాలని. అద్దెకు వచ్చిన కొత్తవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, అడుగు వరుస మీద వేలు పెట్టించి, అరగంట చదివించేది. పద్దెనిమిది చలికాలాల్లో ఒక్క బండి కూడా చీకట్లో రోడ్డు మీద లేదు.

ఆ ఏడాది బండి అడిగింది ఆమె సొంత చెల్లెలు. మరిదిగారి తల్లికి, అంటే చెల్లెలి అత్తగారికి, డెబ్బై రెండేళ్ళు. ఒక్కసారి మంచు ముట్టుకోవాలని ఆవిడ కోరిక. ఐదు రోజుల చుట్టు తిరుగుడు. ఒక దారిన వెళ్ళి, కొండలు దాటి, ఇంకో దారిన ఇంటికి.

ఆమె కాగితం తీసి బల్ల మీద పరిచింది. మరిది నిలబడే అందుకున్నాడు.

"వదినగారూ, ఇంట్లోవాళ్ళకి కూడా పాఠమేనా? పరీక్ష పెడతారా ఏంటి?"

"అక్కా, వదిలెయ్. అత్తయ్య అప్పుడే బండెక్కి కూర్చుంది. దిగమన్నా దిగదు," అంది చెల్లెలు.

ఆమె వేలు కాగితం అంచు మీద ఉంది. తీసేసింది. ఇంట్లోవాళ్ళే కదా అనుకుంది. చెల్లెలు ఈ షెడ్డులోనే పెరిగింది. తెలియకుండా ఉంటుందా అనుకుంది. చెల్లెలు షెడ్డులో పెరిగింది గానీ ఆ కాగితం ఎప్పుడూ చదవలేదు.

మొదటి సాయంత్రం మూడూ నలభైకి మెసేజ్ వచ్చింది. చేరాం, అని ఒక్క మాట. ఆమె, హీటరు చూసుకోండి, అని రాసింది. ఎక్కడ చేరారని అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటా పది. అన్నం తిని చేయి కడుక్కుంటుంటే ఫోను మోగింది. ఫొటో. ఉన్ని టోపీ పెట్టుకుని మరిదిగారి తల్లి నిలబడి ఉంది. చేతిలో మంచు ముద్ద. ముఖమంతా నవ్వు. వెనక పెట్రోలు బంకు.

బంకు పైకప్పు ఎర్రగా ఉంది.

తడి చేత్తోనే ఫొటో పెద్దది చేసి చూసింది. ఆ బంకుకు ఆమె ఎన్నడూ వెళ్ళలేదు. కానీ పద్దెనిమిదేళ్ళుగా దాని ఫొటోలు చూస్తూనే ఉంది. అక్కడ మరుగుదొడ్డి ఏ పక్క ఉందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పగలదు. అది కొండలు దాటే కనుమకు ఎండ వైపున, అడుగున ఉన్న బంకు. ఆ కాగితం ప్రకారం వాళ్ళు అక్కడికి నాలుగో రోజు రావాలి. అదీ కొండ దిగి రావాలి.

వాళ్ళు రెండో రోజే వచ్చారు. ఎక్కబోతున్నారు.

 కాగితం పైనుంచి చదివారు.

కనుమకు రెండు వైపులు. ఒకటి రోజంతా ఎండ తగిలేది. రెండోది నీడది. నీడ వైపు పొద్దున పదింటికి ఎండ వస్తుంది, ఒంటిగంటకు పోతుంది. పోయిన గంటలోపే, కరిగిన నీళ్ళు రోడ్డు మీద అద్దంలా గడ్డకడతాయి. అందుకే ఆమె బళ్ళను ఎప్పుడూ నీడ వైపు నుంచి, ఎండ ఉండగానే ఎక్కించేది. ఎక్కేటప్పుడు జారితే బండి ఆగుతుంది. దిగేటప్పుడు జారితే ఆగదు. తొమ్మిది కిలోమీటర్ల దిగుడు, పదకొండు మలుపులు, మూడు టన్నుల బండి, దాన్ని అంతకుముందు రెండుసార్లే నడిపిన మరిది.

చెల్లెలికి ఫోను చేసింది. అందుబాటులో లేదు. మరిదికి. లేదు. బంకుకు చేసింది.

"తెల్ల వ్యానా? ముసలావిడ ఉంది, అదేనా? పావుగంటయింది వెళ్ళి," అన్నాడు బంకు మనిషి. "మా కుక్కతో కబుర్లు చెప్పింది, భలే మనిషి."

పైకి ఇరవై రెండు కిలోమీటర్లు. యాభై నిమిషాలు. రెండు గంటలకు పావు తక్కువకు కనుమ పైన ఉంటారు.

మెట్లు దిగి షెడ్డులోకి వెళ్ళింది. అన్నయ్య ఒక బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి ఉన్నాయి. కాళ్ళకే చెప్పింది.

అన్నయ్య బయటికి వచ్చాడు. చేతిలో స్పానరు అలాగే ఉంది.

"మంచులో చక్రాలకి చుట్టే చెయిన్లు ఉన్నాయిగా బండిలో?"

"ఉన్నాయి. తొడగడం వచ్చా ఆయనకి?"

 నేర్పలేదని ఇద్దరికీ తెలుసు. సొంతవాళ్ళు కదా, తరువాత చూద్దామనుకున్నారు.

నీడ వైపు అడుగున మంచు ఎత్తే బండి డిపో ఉంది. ఆ బండి నడిపే మనిషి ఆమెకు ఫోనులో తెలుసు. చలికాలమంతా రోజూ పొద్దున ఏడింటికి చేసి రోడ్డు ఎలా ఉందని అడిగేది. గొంతు బొంగురుగా ఉండేది కాబట్టి మొదటి రోజే బాబాయ్ అంది. అతను అక్కా అనేవాడు. వరుస కుదరలేదని ఇద్దరూ పట్టించుకోలేదు.

మూడోసారికి ఎత్తాడు. ఒకటీ ముప్ఫై ఐదు.

"చెప్పండి పొద్దక్కా. ఈ వేళప్పుడు చేశారేంటి?"

"బాబాయ్, కనుమ పైన రోడ్డు గేటు వేయించగలవా?"

"గేటా? ఎందుకు? మబ్బు కూడా లేదే."

"మా బండి ఒకటి అటునుంచి ఎక్కుతోంది. నీ వైపు దిగుతుంది."



"ఇప్పుడా? మీ బండా? నాతో హాస్యమాడుతున్నారా?"

"లేదు."

"అక్కా, గేటు వేస్తే అటూ ఇటూ యాభై బళ్ళు ఆగుతాయి. గేటతను రిజిస్టరులో కారణం రాయాలి. నేనేం చెప్పను? వాతావరణం అంటే రిజిస్టరు చూసే పై ఆఫీసరుకి కళ్ళు లేవా?"

అన్నయ్య పక్కనే నిలబడి వింటున్నాడు. చేత్తో సైగ చేశాడు, బండి బ్రేకు పాడైందని చెప్పమని. ఊళ్ళో బళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు ఇంకా నలుగురున్నారు. పొద్దక్క దారి అంటేనే జనం ఈ షెడ్డుకు వస్తారు. బ్రేకు అంటే అన్నయ్య తప్పు అవుతుంది, అది అతను మోస్తాడు.

ఆమె అన్నయ్యను చూసింది. ఫోనులో చెప్పింది.

"పొద్దక్క కాగితం తప్పు రాసింది, అందుకని వేశామని రాయించు. నా పేరు కావాలంటే చెప్తాను, రాసుకోమను."

"ఉండండి," అన్నాడు అతను.

ఫోను పెట్టేయలేదు. అటువైపు వైర్‌లెస్ గరగరలాడింది. అతను ఎవరితోనో అంటున్నాడు, ఒరేయ్ కారణం తరువాత రాసుకో, ముందు గేటు కర్ర దించు. మళ్ళీ గరగర.  ఆమె గోడ గడియారం చూసింది. రెండుకు పావు తక్కువ.

"అక్కా."

"చెప్పు."

"దాటేసిందట. నాలుగు నిమిషాలైంది. ముసలావిడ గేటతనికి చెయ్యి కూడా ఊపిందట."

అటువైపు ఇంజను స్టార్టయిన చప్పుడు.

"నేను కింద నుంచి పోతున్నా. నలభై నిమిషాలు పడుతుంది, ఎక్కువే పట్టొచ్చు. పైన సిగ్నలు ఉండదు. మీరు ఫోను ఖాళీగా ఉంచండి."

ఫోను బల్ల మీద పెట్టింది. పని చేసే బల్ల. దాని మీద గ్రీజు, స్క్రూలు, సగం తాగిన టీ. అన్నయ్య స్టూలు జరిపాడు. కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగే అలవాటు అన్నయ్యది. ఆ రోజు అతను కదలకుండా నిలబడ్డాడు, ఆమె తిరిగింది. బండి చుట్టూ, మళ్ళీ బండి చుట్టూ.

రెండూ పది. మొదటి మూడు మలుపులు వెడల్పు. అక్కడ ఏమీ కాదు.

రెండూ ఇరవై ఐదు. నాలుగో మలుపు తరువాత రోడ్డు సన్నబడుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క మోకాలెత్తు పిట్టగోడ. గోడ అవతల ఏముందో ఆమెకు తెలియదు. ఎవరూ దాని ఫొటో పంపలేదు.

"కాగితం నేను చదివి వినిపించాల్సింది," అంది.

"నేను చెయిన్లు తొడిగి చూపించాల్సింది," అన్నాడు అన్నయ్య.

"నీది రెండో తప్పు."

"ఇప్పుడు వరసలెందుకే."

మూడు గంటలు. ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి చేయి చాచారు. ఎవరో కొత్తమనిషి, వచ్చే వారం బండి ఖాళీగా ఉందా అని. అన్నయ్య లేదని పెట్టేశాడు. నిజానికి ఉంది.

మూడూ ఇరవై. బొంగురు గొంతు.

"అక్కా, మనుషులు ముగ్గురూ నా బండిలో ఉన్నారు. మీ బండి ఐదో మలుపు కింద, కొండకు ఆనుకుని ఉంది. పక్క అద్దం ఒకటి పోయింది. అంతే."

ఆమె స్టూలు మీద కూర్చుంది.

"ఎలా ఆగింది?"

"అది ముసలమ్మనే అడగండి."

ఫోను చేతులు మారింది. మరిదిగారి తల్లి గొంతు గట్టిగా వినిపించింది, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు.

"అమ్మాయీ, వెనక భాగం ఒకసారి పక్కకి పోయింది. నేను దిగుతానన్నాను. వీడు ఇక్కడ ఆపకూడదమ్మా అంటాడు. ఆపకపోతే నడుస్తుండగానే దిగుతానని తలుపు తీశాను. కొండ పక్కకి పోనిచ్చి, దానికి రాసి ఆపాడు. మేం దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాం. మీ చెల్లెలు ఏడ్చింది. నేను మంచు తిన్నాను. రుచేం లేదు."

"అత్తయ్యా, ఫోనివ్వండి," అని వెనక చెల్లెలి గొంతు. తరువాత, "అక్కా."

"ఆఁ."

"చెయిన్లు ఏ సంచిలో పెట్టారో తెలీలేదు. దుప్పట్ల కింద వెతికాం."

"పొయ్యి కింద అరలో ఉన్నాయి."

చెల్లెలు నవ్విందో, ఏడ్చిందో. ఫోను మరిదికి ఇచ్చింది. 

"వదినగారూ. కనుమ పన్నెండింటికి అని ఉంది కాగితంలో. రెండు గంటలు ఆలస్యమైంది, అంతేగా అనుకున్నాను. కాగితం పైనుంచి చదవడం మా ఇంట్లో అలవాటు."

"అందరి ఇళ్ళల్లోనూ అదే అలవాటు బాబూ," అంది ఆమె.

ఆ రాత్రి వాళ్ళు డిపో గదిలో పడుకున్నారు. బండి ఐదో మలుపు దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం ఆమె ఐదున్నర బస్సు ఎక్కింది. తొమ్మిదింటికి డిపో దగ్గర దిగింది. గేటు ముందు నారింజరంగు కోటులో ఒకతను నిలబడి ఉన్నాడు. జుట్టు ఇంకా నల్లగా ఉంది.

"బాబాయ్?" అంది.

"ఇరవై తొమ్మిదో ఏటి నుంచీ మీకు బాబాయినే," అన్నాడు అతను. "ఇప్పుడు నలభై ఏడు. అలవాటైపోయింది, మార్చకండి."

పదింటికి నీడ వైపు ఎండ వచ్చింది. అందరూ అతని బండిలోనే ఐదో మలుపు దాకా వెళ్ళారు. ఆమె దిగి పిట్టగోడ మీదుగా చూసింది. చాలాసేపు చూసింది. మరిది వ్యాను స్టీరింగు ముందు కూర్చున్నాడు. చక్రాలకు చెయిన్లు తొడిగారు. 

"ఎక్కండి అక్కా. ముందు నేను గీకుతూ, ఇసుక చల్లుతూ పోతాను. వెనక వాళ్ళొస్తారు," అన్నాడు మంచుబండి అతను.

"నాకో బకెట్టు ఇసుక ఇవ్వు."

"బండి చల్లుతుంది కదా."

"చల్లనీ. నేను నడుస్తాను."

అతను ఇసుక నింపి ఇచ్చాడు. డిపోకు నాలుగు కిలోమీటర్లు, ఆరు మలుపులు. మంచుబండి గీకుతూ ముందు పోయింది. మధ్యలో ఆమె. వెనక తెల్ల వ్యాను, మనిషి నడక వేగంతో. పదడుగులు వేసేసరికి కాలు జారి కూర్చుండిపోయింది. బకెట్టు ఒలకలేదు. లేచింది. మలుపు దగ్గర చేయి ఎత్తి వ్యానును ఆపింది. చెప్పుతో రోడ్డు రాసి చూసింది. రెండు గుప్పిళ్ళు చల్లింది. రమ్మని చేయి ఊపి, తరువాతి మలుపుకు నడిచింది.