అవ్వ కడుపులో పడ్డ టీకా

సిద్దిపేటలో బీడీలు చేసే ఆడవాళ్లకు తునికాకు కట్ట విప్పడమంటే లోపల ఓ మూల భయమే. ఆకుతో పాటు అడవి కూడా కొంత ఇంటికి వస్తుంది. జెర్రి రావచ్చు, తేలు రావచ్చు. అందుకే కొత్త కట్ట దిగిందంటే ఆ గల్లీలో మొదటి కేక యాదవ్వకే.

"యాదక్కా, జర వచ్చి ఇప్పిపో!"

యాదవ్వ కొంగు నడుముకు దోపుకుని వచ్చేది. ఉత్త చెయ్యే లోపలికి పోనిచ్చేది. తేలు కనపడితే కొండి దగ్గర రెండు వేళ్లతో పట్టి అవతల పారేసేది. ఒకటి రెండుసార్లు కుట్టాయి కూడా. వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంది.

"నాకు ఇసం ఎక్కది. అవ్వ కడుపుల ఉన్నప్పుడే టీకా పడ్డది" అనేది.

ఆ కథ గల్లీలో అందరికీ నోటికే వచ్చు. ఆమె తల్లి నెలలు నిండి ఉండగా ఇలాంటి కట్టే విప్పుతుంటే తేలు కుట్టింది. కడుపుతో ఉన్నదాన్ని తేలు కుడితే పుట్టే బిడ్డకు విషం ఎక్కదని పెద్దల మాట. "కుట్టింది ఏలికి. మా అవ్వ పట్టుకున్నదేమో కడుపు! ఏలు చూపియ్యవే అంటే చూపియ్యకపాయెనట, పిచ్చిది" అని యాదవ్వ పడీపడీ నవ్వేది. ఆ తల్లి ఈమెకు ఊహ తెలియకముందే పోయింది. ఫొటో లేదు, చీర ముక్క లేదు. తల్లి ఇచ్చిందని చెప్పుకోవడానికి మిగిలింది ఆ టీకా ఒక్కటే.

పక్కింటి త్రివేణి బిడ్డ సాహితి పెద్ద చదువుకని పోయి, ఎర్రతేళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే గల్లీ అంతా నవ్వింది. ఇంటికి వచ్చినప్పుడల్లా చంద్లాపూర్ దిక్కు రాళ్లకుప్పల్లో తేళ్లు ఏరి డబ్బాల్లో తెచ్చుకునేది ఆ పిల్ల. యాదవ్వ మాత్రం పక్కన కూర్చుని అడిగింది.

"చంపుతరా బిడ్డా వీటిని?"

"లేదు పెద్దమ్మా. కొంచెం కరెంటు తగిలిస్తే కొండి కొసకు చుక్క వస్తది. బర్రెను పిండుకున్నట్టే. ఆ చుక్కల ఎన్నో రకాల పదార్థాలుంటయి. గుండెను చెడగొట్టేటియి ఉన్నయి, నరాలను ఆపేటియి ఉన్నయి. ఏరి వేరుచేస్తే దేన్నన్న నొప్పులకు మందు చెయ్యొచ్చేమో అని చూస్తున్నరు."

యాదవ్వ తన వేళ్ల కణుపులు చూసుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ అవి అల్లం కొమ్ముల్లా అయినాయి. చెయ్యి చాపింది.

"గంత కష్టమెందుకే? నా నెత్తురు తీస్కపో. దాన్ల ఉంటది గద మందు. సీస నిండ తీస్కో."

సాహితి నవ్వలేదు. చెప్పాలా వద్దా అన్నట్టు డబ్బా మూత అటూ ఇటూ తిప్పింది.

"పెద్దమ్మా, నిన్ను కుట్టినయి నల్లయి గదా? ఎండ్రికాయకున్నట్టు ముందటి డెక్కలు లావుంటయి."

"అవు. నల్లయే."

"వాటికి ఇసం తక్కువ. ఎవలను కుట్టినా గంతే. డెక్కలు సన్నగుండి తోక లావుగుంటది సూడు, ఎర్రది, అది వేరే. దానికి టీకా లేదు పెద్దమ్మా, కడుపుల పడదు. అది కుడితే మంత్రం గింత్రం అనకుండ దవాఖానకే పోవాలె."

"నీ పుస్తకానికేం ఎరుక మా అవ్వ సంగతి!" అని యాదవ్వ విసురుగా లేచిపోయింది. ఆ రోజు బీడీలు సరిగ్గా కుదరలేదు. ఆ పిల్ల అన్నది నిజమైతే అవ్వ తనకు ఏమీ ఇవ్వకుండానే పోయినట్టు.

వానలు పడ్డాక, సాహితి ఇంటికి వచ్చి ఉన్నప్పుడే, త్రివేణి కట్ట విప్పడానికి యాదవ్వకు పిలుపొచ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. యాదవ్వ ఎప్పటిలాగే కొంగు దోపి, తాడు తెంపి, చెయ్యి పోనిచ్చింది. ఆకుల సందులో ఎర్రగా ఏదో కదిలింది. సన్నని డెక్కలు, లావు తోక.

చెయ్యి ఆగింది. ఆగి, వెనక్కి వచ్చి, ఆమెకు తెలియకుండానే కడుపు మీదికి చేరింది.

యాదవ్వ తల వంచి ఆ చేతిని చూసుకుంది. ఇన్నేళ్లూ నవ్వుతూ చెప్పిన కథలోని చెయ్యి అదే. అవ్వకూ ఇట్లే భయమయి ఉంటుంది. నొప్పి ఒక చోట, భయం ఒక చోట. అవ్వ భయపడ్డది తన కోసం కాదు, కడుపులోని బిడ్డ కోసం.

"ఏందక్కా, ఆగినవ్? టీకా ఏమాయె?" అని త్రివేణి ఎత్తిపొడిచింది.

"డేటు అయిపోయిందే! పొయ్యి కాడి పట్టుకారు తే, బిరాన. సాహితిని డబ్బ తెమ్మను."

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది యాదవ్వే. తేలును పట్టుకారుతో ఎత్తి డబ్బాలో వేసి, మూత తానే బిగించింది.

"మందు ఎప్పుడొస్తదే?"

"ఏండ్లు పడ్తది పెద్దమ్మా. రాకపోవచ్చు గూడ."

"రానియ్, నాకేం తొందర" అని చేతులు కడుక్కుని చాట ముందేసుకుంది.

ఇప్పటికీ కొత్త కట్ట వస్తే ఆమెనే పిలుస్తారు. పట్టుకారు చంకన పెట్టుకుని వస్తుంది. అవ్వ కథా చెప్తుంది. కడుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పుడు పిచ్చిది అనదు.