కంచాల పక్కన గుండె బిళ్ళలు

నా చిన్నప్పుడు మా ప్రొద్దుటూరులో ఎవరికి ఏ జబ్బు చేసినా దాని పేరు ఒకటే, వేడి. కళ్ళు మండితే వేడి, కడుపు మండితే వేడి, చదువుకోమంటే పిల్లలు మొరాయిస్తే అదీ వేడే. మే నెలలో వాకిట్లో ఉత్తకాళ్ళతో నిలబడితే బొబ్బలెక్కే ఊరు కాబట్టి ఆ మాటను ఎవరూ కాదనలేకపోయేవాళ్ళు. దాన్నే నమ్ముకుని మా తాత ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మా జేజి ఆయన్ను ఎట్లా వెనక్కి లాక్కొచ్చిందో మా ఇంటి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆమె గొంతు విప్పిందంటే వీధి చివర రొట్టెలు కాల్చే ఆమె కూడా పని ఆపి వినేది.

తాతకు శనక్కాయల మండీ ఉండేది. అప్పుడప్పుడే సావుకార్ల చొక్కా జేబుల్లోకి సెల్ ఫోన్లు వస్తున్న రోజులు. మండీకి ఆనుకుని బట్టల అంగడి, ఆ అంగడాయన తాతకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనకు గుండెపోటు వస్తే తిరుపతికి తీసుకుపోయి స్టెంటు వేయించారు. అక్కడి డాక్టర్లు ఆయనకు మిగతా మందులతో పాటు రోజూ ఒక ఆస్పిరిన్ బిళ్ళ వేసుకోమని రాసిచ్చారు. ఆ మనిషి తిరిగొచ్చి మళ్ళీ గల్లాపెట్టె ముందు కూర్చుని నవ్వుతుంటే తాతకు ఒక ఆలోచన పుట్టింది. జబ్బు వచ్చినాక వేసుకునే బిళ్ళను రాకముందే వేసుకుంటే ఇంకెంత మేలు! స్నేహితుడు పారేసిన ఖాళీ అట్ట పట్టుకుపోయి మందుల అంగట్లో చూపించి అవే తెచ్చుకున్నాడు.

ఆయన ఒక్కడే వేసుకుని ఊరుకుంటే అదొక దారి. మా తాతది పెట్టే చెయ్యి. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని మండీ అరుగు మీద కూర్చున్నవాళ్ళకు వక్కాకుతో పాటు ఆ బిళ్ళ కూడా ఇచ్చేవాడు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గుండె బిళ్ళ. కొన్నాళ్ళకు అరుగు మీద పలకరింపే మారిపోయింది. 'గుండె బిళ్ళ పడిందా అప్పా?' అని ఒకరు, 'పడిందప్పా' అని ఇంకొకరు. అందరికీ మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

అప్పటికే ఆయన మోకాళ్ళ నొప్పులకు వేరే బిళ్ళలు మింగుతున్నాడు. వాటికి ఇది తోడైంది. కొన్ని నెలలకు కడుపులో మంట మొదలైంది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగాడు, మజ్జిగ తాగాడు. గడ్డం గీయించుకుంటుంటే చిన్న గాటు పడి నెత్తురు ఎంతకీ ఆగకపోతే, భయపడటం పోయి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు. "సూడు, నెత్తురు ఎంత పల్చగా పారతాందో! ఇంగ గుండెకు అడ్డం పడేదే లే." ఆ తర్వాత ఒకరోజు, దొడ్డికి తారు మాదిరి నల్లగా పోతోందని తనే అన్నాడు. లోపలి వేడంతా మాడి మసై బయటికి పోతోందట! జేజి చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది.

అంతకుముందు మూట భుజాన వేసుకుని గోడౌను అటక మీదికి ఎక్కే మనిషి, ఇప్పుడు మిద్దె మెట్లు సగం ఎక్కి గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మని నాయన బతిమాలితే, నా నాడి పట్టే డాక్టరు ఇంకా పుట్టలేదని కసురుకున్నాడు. అదొక పొగరు ఆయనకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆసుపత్రి గడప తొక్కలేదని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. జేజి అరిచింది, అలిగింది, అన్నం మానేసింది. ఆయన చలించలేదు. ఆఖరికి ఆమె నోరు మూసుకుంది. జేజి మాట్లాడకపోతే మా ఇంట్లో ఎంత భయంగా ఉంటుందో ఎవరికి చెప్పేది!

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి, కొంగుముడి విప్పి, గుండ్రటి తెల్లటి పిప్పరమెంటు బిళ్ళలు చూపించింది. నేను చేయవలసిన పని చెవిలో చెప్పింది. "నవ్వినావంటే వీపు సీరేస్తా, సూడు" అని కూడా చెప్పింది. నాకు నవ్వు రాలేదు, ఆమె కళ్ళు అట్లా ఉన్నాయి మరి.

అందరం వరసగా కూర్చున్నాం. వేడివేడి సంగటి, ఊరుబిండి పచ్చడి, పప్పు వడ్డించింది. వడ్డన అయినాక ఒక్కొక్కరి కంచం పక్కన ఒక్కొక్క తెల్ల బిళ్ళ పెట్టుకుంటూ వచ్చింది. నాయన పక్కన ఒకటి, అమ్మ పక్కన ఒకటి, నా పక్కన ఒకటి. తాత సంగటి ముద్ద చేత్తో పట్టుకుని ఏందని అడిగాడు.

"గుండె బిళ్ళలు. నీకొక్కనికేనా గుండె ఉండేది? మాకు లేవా? మంచిదే అయితే ఇంటిల్లిపాదీ ఏసుకుందాం. ఏమ్మా, నువ్వు నోట్లో ఏసుకో" అంది జేజి నా వైపు తిరిగి.

నేను వేసుకున్నాను. అంతే! తాత కంచం తన్నుకుంటూ లేచి ఒక్క అంగలో నా దగ్గరికి వచ్చి నా బుగ్గలు నొక్కి పట్టి నోట్లో వేళ్ళు పెట్టాడు. సంగటి అంటిన వేళ్ళు. "ఉమ్మెయ్, ఉమ్మెయ్ తల్లీ! పసిబిడ్డకు ఎవరన్నా ఇస్తారా? డాక్టరును అడక్కుండా? నీకు బుద్ధుండాదా లేదా!" అని జేజి మీద అరిచాడు.

మా పథకం ప్రకారం అప్పుడు నేను పిప్పరమెంటు ఉమ్మి చూపించాలి, అందరం నవ్వాలి. కానీ ఆయన పెట్టిన ఆ ఒక్క పరుగుకే కళ్ళు తిరిగి స్తంభం పట్టుకున్నాడు, పట్టుకున్నట్టే జారి నేల మీద కూర్చున్నాడు. నుదురంతా చెమట. పెదవుల్లో రంగు లేదు. నోట్లో పిప్పరమెంటు చల్లగా కరుగుతుంటే నేను ఏడ్చేశాను.

జేజి పరిగెత్తుకు రాలేదు. మెల్లగా వచ్చి ఆయన పక్కన కూర్చుని కొంగుతో చెమట తుడిచింది. జీవితంలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా అడిగింది. "అది పిప్పరమెంటులే. డాక్టరును అడక్కుండా పాపకు ఇస్తే తప్పంటివి కదా. మరి నువ్వు ఎవర్ని అడిగి ఏసుకుంటాండావు?"

తాత నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. సంగటి అంటిన వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. "బండి పిలిపీప్పా, పోదాం" అన్నాడు నాయనతో.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది. ఏమేం మందులు వాడుతున్నావు పెద్దాయనా అని అడిగితే, ఆయన నోరు తెరిచేలోపే జేజి మోకాళ్ళ బిళ్ళల నుంచి నల్లటి దొడ్డి వరకూ ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. చేర్చుకుని, రక్తం ఎక్కించి, గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, ఆ పుండులోంచి నెత్తురు ఊరుతూ ఉంది. పలుచబడ్డ నెత్తురు గుండెకు మేలు చేసిందో లేదో గాని, బయటికి మాత్రం ఆగకుండా పోతోంది. ఆ బిళ్ళ అవసరమైనవాళ్ళకు ప్రాణం నిలుపుతుందనీ, అవసరం లేనివాళ్ళకు లోలోపల ప్రాణం తోడేస్తుందనీ, మోకాళ్ళ బిళ్ళ తోడైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుందనీ, ఎవరికి ఏదన్నది మనిషిని చూసి తేల్చాలే గాని అట్ట చూసి కాదనీ ఆమె చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదంది. జేజి అప్పుడు ఏడ్చింది. వార్డంతా వినపడేలాగే ఏడ్చింది.

తాత మనిషైనాడు! మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది, గొంతులోకి అరుపు తిరిగొచ్చింది. ఆయన మండీకి పోయిన మొదటి రోజు జేజి కూడా బయలుదేరింది. ఆడవాళ్ళు ఎక్కని ఆ అరుగు ఎక్కి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, నేను ఆమె కొంగు పట్టుకుని. "ఏమప్పా, అందరూ బాగుండారా? ఈయన కత విన్యారు కదా. రేప్పొద్దున మీరంతా డాక్టరు దగ్గరికి పోతాండారు" అంది. ఒకరు పని ఉందన్నారు, ఒకరు శానా బాగున్నానన్నారు. జరిగిందంతా తాత తన నోటితోనే చెప్పి, మీకు ఆ బిళ్ళలు ఇచ్చింది నేనే, తప్పు నాది అన్నాక ఒక్కొక్కరే తలూపారు.

బట్టల అంగడాయన మాత్రం బెదిరిపోయి జేబులోని బిళ్ళల అట్ట తీసి కాలువలోకి విసరబోయాడు. జేజి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏయ్, నీది పారేస్తివంటే నీ పెండ్లాం నన్ను చంపుతాది. నీకు చూసి ఇచ్చినారప్పా. ఏసుకునేదానికైనా, మానేదానికైనా వాళ్ళనే అడగల్ల" అంది. అక్షరం ముక్క రాని మా జేజి ఆ మాట అంటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. అది డాక్టరమ్మ చెప్పినప్పుడు అందరం విన్నాం. సమయానికి వాడింది మాత్రం ఆమే.

మరునాడు ఆ పెద్దమనుషులంతా ఇస్త్రీ పంచెలు కట్టుకుని పెండ్లివారి మాదిరి ఆటోల్లో ఇరుక్కుని పోయారు. ఒకరికి ఆ బిళ్ళ ఆపేయమన్నారు. ఇంకొకరికి నిజంగానే గుండెలో లోపం బయటపడి, సరైన మోతాదు రాసి అదే బిళ్ళ కొనసాగించమన్నారు. మరొకాయనకు బీపీ ఉందని ఆ రోజే తెలిసింది. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి మా జేజి చేతులు పట్టుకుని పోయారు. ఆమె పైకి విసుక్కుంటూ లోపల మురిసిపోయింది. మురిసిపోదా మరి! తన మనిషితో పాటు అరుగంతా దక్కించుకుంది.

ఆ చలికాలం మేమంతా గండికోటకు పోయాం. లోయ అంచుకు పోయే బండరాళ్ళ మీద తాత నాకంటే ముందు నడిచాడు. చివరికి పోయి, కింద పెన్నను చూసి, జేజి పేరు గట్టిగా పిలిచాడు. పేరు పెట్టి పిలవడం మేమెవరమూ అంతవరకు వినలేదు. లోయ ఆ పేరును తిరిగి చెప్పింది. జేజి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గులేదు ముసలాయనకు అని తిట్టింది.

తాత ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు, నా పెండ్లిలో తాంబూలాలు ఆయన చేతులతోనే పంచాడు. ఇప్పటికీ ఎవరైనా ప్రేమగా ఏ మందు చేతిలో పెట్టినా, నాకు తెలియకుండానే నా బుగ్గల మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నట్టు ఉంటుంది. నా కోసం అంత భయపడ్డ మనిషి, తన కోసం ఒక్కరోజు భయపడలేదు. అందుకే ఏదైనా నేను మింగేముందు ఒక్కటే అనుకుంటాను, దీన్ని ఎవరినీ అడక్కుండా నా బిడ్డకు వేస్తానా అని. వేయను అనిపిస్తే నేనూ వేసుకోను. చెప్పులు తొడుక్కుని డాక్టరు దగ్గరికి పోతాను.