ఖోలీలోని గోళీల డబ్బా

మా కార్ఖానాలో చెయ్యి తెగినవాడికి కుట్లు వేసి, రెండు యాంటీబయాటిక్ గోళీలు చేతిలో పెట్టి, మర్నాడు పొద్దున మళ్లీ మగ్గం ముందు నిలబెడతారు. ఇది తప్పు. నేను చేరిన రోజున తప్పే, ఈ రోజునా తప్పే.

నేను సూరత్ పక్కన పల్సానాలో పవర్‌లూమ్ మీద బతికినవాణ్ని. బడి మొహం చూసింది తక్కువ. హిందీ, గుజరాతీ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మందుల అట్టల మీద. ఆ చదువే మా ఖోలీలో నన్ను డాక్టరును చేసింది. ఖోలీ అంటే ఒక్క గది, అందులో ఏడుగురం, అందరం ఒక్క జిల్లా వాళ్లం. గూట్లో ఒక బిస్కెట్ల డబ్బా. ఎవరికి జ్వరం తగ్గినా, గాయం మానుతున్నట్టు కనిపించినా, మందు అక్కడితో ఆపి, "ఇంకోనికి అక్కరకొస్తయి" అని మిగిలిన గోళీలు ఆ డబ్బాలో వేసేవాడు. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ. ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పేది నేనే.

పోయిన వానాకాలం మా బావ కుడిచెయ్యి మగ్గం తిప్పే బెల్టులో పడి, అరచేయి చీలిపోయింది. బావంటే చుట్టం కాదు. ఇన్నేళ్లుగా నా పక్కన చాప వేసుకున్నవాడు, మా అందరికీ జొన్నరొట్టెలు కొట్టి పెట్టేవాడు. తెగిన పోగుకు రెండు వేళ్లతో అతను ముడి వేస్తే, గుడ్డ తిరగేసి చూసినా ముడి దొరకదు. కార్ఖానా కాంపౌండరు గ్రీజు సరిగా కడక్కుండానే కుట్టేసి రెండు గోళీలిచ్చాడు.

అవి అయిపోయాక నేను డబ్బా తీశాను. ఎర్రవి మూడుంటే వేశాను. తర్వాత పసుపువి రెండు. ఇంకొకటి విప్పి పొడి పుండు మీద చల్లాను.

నాలుగోనాడు చెయ్యి ఉబ్బింది. "జర పెద్ద డాక్టరుకు చూపెడదాం బావా," అన్నాను.

"నీకంటె పెద్ద డాక్టరున్నడా సూరత్‌ల? అట్ట సదివి మందిస్తవు, ఫీజు రొట్టెలల్ల పట్టుకుంటవు."

అందరం నవ్వాం. ఆరోనాడు కట్టు విప్పితే, ఆ వాసనకు ఎవరూ నవ్వలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నా మనవరాలి వయసుది. చీము తీసి పరీక్షకు పంపింది. "ఏ మందూ పని చేయకపోతే మణికట్టు దాకా తీసేయాల్సి వస్తుంది," అంది.

బావ ఎడమచేత్తో నా చొక్కా కొస పట్టుకున్నాడు. "మరి రొట్టె ఎవలు కొడ్తరు బావా?" అన్నాడు.

మూడోనాడు రిపోర్టు వచ్చింది. వరసగా మందుల పేర్లు, పక్కన ఆర్, ఆర్, ఆర్. ఆ పేర్లలో కొన్ని నేను మా డబ్బాలో అట్టల మీద చదివినవే. ఆర్ అంటే ఆ మందుకు ఈ క్రిమి చావదని డాక్టరమ్మ చెప్పింది. అడుగున ఒక్కదాని పక్కన ఎస్ ఉంది, అంటే దానికి చస్తుందట. ఆ ఒక్క మందునే నరానికి ఎక్కించారు, చచ్చిన కండను రెండుసార్లు కోసి తీశారు. చిటికెన వేలు పోయింది. చెయ్యి దక్కింది.

ఖోలీకి వచ్చాక నా కోపం ఎటు పోవాలో తెలియలేదు. కార్ఖానా రెండు గోళీలను తిట్టిన నోరు నాదే, డబ్బాలోంచి మూడూ రెండూ ఏరి ఇచ్చిన చెయ్యీ నాదే. తప్పు కార్ఖానాదా, నా డబ్బాదా తేల్చి చెప్పమని డాక్టరమ్మకు ఉత్తరం రాశాను. బదులు లేదు. మళ్లీ రాశాను. మూడోది కాస్త గట్టిగానే రాశాను. కట్టు మార్పించుకోవడానికి వెళ్లిన బావ చేతికి చివరికి ఒక చీటీ ఇచ్చి పంపింది. హిందీలో ఉన్నదాన్ని తెలుగు చేస్తున్నాను:

"కాకా, మూడు ఉత్తరాలూ అందాయి. మూడోదానికి భయపడి రాస్తున్నాను. ఈ క్రిమి ఎక్కడ మొండిదైందో నేను తేల్చలేను. మొండిదయ్యాకే ఆ గాయంలోకి వచ్చి ఉండొచ్చు కూడా. కానీ అరకొర మందు వేసినప్పుడల్లా, తట్టుకోలేని క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. కాంపౌండరు చేసిందీ తప్పే, మీరు చేసిందీ తప్పే. గాయమైతే కడిగి వెంటనే ఇక్కడికి పంపమని కార్ఖానాకు నేను రాస్తాను. డబ్బా మాత్రం మీరే తేవాలి. సోమవారం గోళీలన్నీ పట్టుకురండి, ఇక్కడ పారేద్దాం. ఖాళీ డబ్బా కడిగి మళ్లీ వచ్చేటప్పుడు దాన్నిండా రొట్టెలు పెట్టుకురండి. నాలుగు వేళ్లతోనే కొడుతున్నానని మీ బావ గొప్పలు పోతున్నాడు. తినేదాకా నేను నమ్మను."